ఖాళీ ఇంటి గురించి వినకూడని సలహాలు

పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడతారు. పెద్దవాళ్లు కాలం చేస్తారు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఒక ఇల్లు తాళంతో మిగులుతుంది. ఆ తాళం పడ్డ వారం నుంచే సలహాలు మొదలవుతాయి. ఎదురింటాయన ఒకటి చెబుతాడు, రియల్ ఎస్టేట్ చేసే మేనల్లుడు ఇంకోటి, స్టేషన్లో తెలిసినవాళ్లున్న మిత్రుడు మరోటి. సివిల్ కోర్టులో ప్లీడరుగా ఉన్నాను కాబట్టి ఆ సలహాలన్నీ చివరికి దావాలై నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో చాలావరకు ఇంటివాళ్లనే ముంచుతాయి, కొన్ని ఏ పాపం ఎరగనివాళ్లను రోడ్డున పడేస్తాయి.

ఈ మధ్య వాటికి తోడు ఒక మాట గట్టిగా వినిపిస్తోంది. ఖాళీ ఇంట్లో చేరిన ప్రతివాణ్ణీ నేరస్థుడిగా చూడాలట, పోలీసు వచ్చి ఖాళీ చేయించాలట, కోర్టు ఊసే ఉండకూడదట. అన్నిటికంటే ప్రమాదమైన సలహా ఇదేనని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ముందు మిగతావి చూడాలి.

“తాళం వేసి వెళ్లండి బాబాయ్, ఇల్లెక్కడికి పోతుంది?”

ఇల్లు ఎక్కడికీ పోదు, కాగితం పోతుంది. కబ్జా చేసేవాడు మొదటే గోడ దూకడు. ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాడు. ఇల్లు ఎవరి పేరున ఉంది, ఎప్పుడు కొన్నారు, బ్యాంకు తనఖా ఏమైనా ఉందా అని చూసుకుంటాడు. తర్వాత గేటు దగ్గరికి వస్తాడు. లోపల పడి ఎండకు పసుపెక్కిన కరపత్రాలు, ఎవరూ తీయని కరెంటు బిల్లులు, పిట్టగోడ పగులులో జానెడు ఎదిగిన రావి మొక్క వాడికి కనిపిస్తాయి. మీటరు చూస్తాడు. నెలల తరబడి రీడింగు కదలకపోతే ఇంటికి మనిషి రావడం లేదని తెలిసిపోతుంది. ఆ తర్వాత యజమాని పేరుతో ఒక దొంగ జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) పుడుతుంది, దాని మీద ఒక సేల్ డీడ్ పుడుతుంది. తాళం పగిలే రోజుకు వాడి చంకలో ఒక ఫైలుంటుంది. పోలీసు వచ్చినా “సార్, మేం కొనుక్కున్నాం” అని ఆ ఫైలే చూపిస్తాడు.

ఇది నేరమా అని అడగాల్సిన పని లేదు. ఇలాంటి దస్తావేజును ఫోర్జరీ చేస్తే యావజ్జీవం దాకా శిక్ష వేయగల సెక్షన్ పాత ఐపీసీలో 467గా ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 338గా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1982లోనే భూకబ్జా నిషేధ చట్టం వచ్చింది. ఆర్నెల్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, ప్రత్యేక కోర్టు, పైగా ఆస్తి ఫిర్యాదుదారుదేనని ప్రాథమికంగా తేలితే, కబ్జా చేయలేదని నిరూపించుకునే భారం ఆక్రమించాడన్నవాడి మీదే. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన బిల్లులో శిక్ష పదేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. శిక్షలకు మన దగ్గర కొదవ లేదు. దొంగ కాగితం పుట్టినప్పుడే పట్టుకునే అలవాటు యజమానికి లేకపోవడమే లోటు.

కాబట్టి మూడు నెలలకోసారి ఈసీ చూడండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్నెట్లో దొరుకుతుంది, అమెరికాలో కూర్చునీ చూడొచ్చు. నాన్నగారు పోయి ఎన్నేళ్లయినా ఇంటి పన్ను, కరెంటు కనెక్షను ఆయన పేరునే నడుస్తుంటే వెంటనే వారసుల పేరుకు మార్పించండి. పోయినవాళ్ల పేరున ఉన్న ఇల్లే కబ్జాదార్లకు తేలిక. విదేశం నుంచి ఎవరికైనా పవరాఫ్ అటార్నీ ఇస్తే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అమ్మే అధికారం అవసరం లేనప్పుడు ఆ మాట అందులో రానివ్వకండి. అద్దె వసూలుకూ కోర్టు పనికీ మాత్రమే ఇవ్వండి.

ఇంత చేసినా ఎవడో దూరాడనుకోండి. తెలిసిన రోజు నుంచి కాదు, దూరిన రోజు నుంచి ఆర్నెల్లు లెక్క పెట్టుకోండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆలోగా దావా వేస్తే హక్కు ఎవరిదన్న తగువులోకి కోర్టు పోదు. మొన్నటిదాకా స్వాధీనంలో ఎవరున్నారు, చట్టప్రకారం కాకుండా వాళ్లనెవరు తప్పించారు, ఇంతే చూస్తుంది. ఆర్నెల్లు దాటితే టైటిల్ దావా వేయాలి, అది పెద్ద దారి. ఇంటికి నెలకోసారైనా ఒక మనిషి వెళ్లి చూసి రావాలని నేను పోరేది ఇందుకే.

“వాచ్‌మన్‌ని మూడేళ్లకోసారి మార్చేయండి, పన్నెండేళ్లుంటే ఇల్లు వాడిదైపోతుంది”

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల జరిగే అన్యాయం బయటికి కనిపించదు.

పన్నెండేళ్ల సంగతి నిజమే. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం మీ ఇంట్లో ఎవరైనా మీ హక్కును కాదని, బాహాటంగా, ఎడతెగకుండా పన్నెండేళ్లు కూర్చుంటే, మీరు అప్పటిదాకా దావా వేయకపోతే, మీ హక్కు పోతుంది. మీరు దేశంలో లేరని ఆ గడియారం ఆగదు. ఈ పద్ధతి అన్యాయంగా ఉందని 2008లో సుప్రీంకోర్టే గట్టిగా విమర్శించి, మార్చే సంగతి ఆలోచించమని కేంద్రాన్ని కోరింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్చాల్సిన అవసరం లేదని తేల్చింది.

అయితే ఇదంతా మిమ్మల్ని ఎదిరించి కూర్చున్నవాడి సంగతి. మీ అనుమతితో ఉన్నవాడికి ఆ గడియారం అసలు మొదలే కాదు. గోవాలోని ఒక అన్నాచెల్లెళ్ల ఇంటి తగాదాలో 2012లో సుప్రీంకోర్టు ఈ మాట విడమర్చి చెప్పింది. కాపలాదారు, పనివాడు, దయతలచి ఉండనిచ్చిన బంధువు ఎన్నేళ్లున్నా ఆ ఇంటి మీద హక్కు రాదు, యజమాని అడిగినప్పుడు అప్పగించాల్సిందే. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మన ఊళ్లలో వాచ్‌మన్‌ను పెట్టుకునే ఇంటివాళ్లకు నిద్ర పట్టదు.

ఆ భయానికి వెల కట్టేది వాచ్‌మన్ కుటుంబం. పాలకొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన దంపతులు కారు షెడ్డు పక్క గదిలో ఉంటారు. పిల్లను దగ్గర్లోని బడిలో చేర్చి ఉంటారు, ఆవిడ ఆ వీధిలోనే నాలుగిళ్లలో పని కుదుర్చుకుని ఉంటుంది. మూడో ఏడు నిండగానే “నెలాఖరుకు ఖాళీ చేయండి” అంటారు. తప్పేం చేశామని అడిగితే తప్పేం లేదు, ప్లీడరు గారు చెప్పారంటారు. ఏ ప్లీడరైనా అలా చెప్పి ఉంటే ఆయన 2012 తీర్పు చదవలేదనే అర్థం. పిల్ల బడి మారుతుంది, ఆవిడ పని పోతుంది. ఇంటికేమో మళ్లీ కొత్త మనిషి వస్తాడు. మూడేళ్లలో వీధివాళ్లందరికీ తెలిసిన కాపలాదారు పోయి, ఎవరికీ తెలియనివాడు వస్తాడు. కబ్జాదారు మొదట బేరం పెట్టేది ఇలాంటి కొత్తవాడితోనే.

మనిషిని మార్చకండి, కాగితం రాయించండి. ‘ఫలానా ఇంట్లో కాపలా పనికి గాను ఈ గదిలో ఉండనిచ్చారు, పని మానినప్పుడు గది అప్పగిస్తాను’ అని తెలుగులో, అతనికి చదివి వినిపించి, ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాసుకోండి. జీతం బ్యాంకు ద్వారా వేయండి. ప్రతి జీతమూ అతను మీ పనివాడిగా ఉన్నాడనడానికి సాక్ష్యమే. ఆ కాగితం నకలు అతనికీ ఇవ్వండి, రేపు మీ తమ్ముడొచ్చి దొంగతనంగా దూరావని అతని మీద కేసు పెట్టకుండా అదే కాపాడుతుంది.

“కోర్టులంటే ఇరవై ఏళ్లు. మనోళ్లని పంపిద్దాం అన్నా, సామాను బయట పడేస్తే తెల్లారేసరికి అయిపోద్ది”

నలుగురు కుర్రాళ్లు, ఒక బొలేరో, అడ్వాన్సు ఒక లక్ష. ఒకసారి వాళ్లు మీ ఇంటి తలుపు తెరిస్తే ఆ తాళంచెవి మళ్లీ మీ చేతికి ఎంతకు వస్తుందో ముందు అడిగారా? సెటిల్మెంటు చేసేవాళ్లకు ఇంట్లో ఉన్నవాడూ ఒకటే, ఇంటివాడూ ఒకటే. ఎవరు ఎక్కువిస్తే వాళ్ల తరఫున మాట్లాడతారు.

చట్టం సంగతి ఇంకా గట్టిది. స్థిరపడిన స్వాధీనంలో ఉన్నవాణ్ణి అసలు యజమాని కూడా బలవంతంగా గెంటకూడదని సుప్రీంకోర్టు దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. రాత్రికి రాత్రి గోడ దూకి మర్నాటికి పట్టుబడ్డవాడిది స్థిరపడిన స్వాధీనం కాదు, అతన్ని అప్పటికప్పుడు వెళ్లగొట్టొచ్చు. ఏడాదిగా వంట చేసుకుంటూ ఉన్నవాణ్ణి గెంటితే మాత్రం, నేను పైన చెప్పిన ఆ ఆరో సెక్షన్ మీ మీదికే తిరుగుతుంది. అతను దావా వేస్తాడు, గెలుస్తాడు, మీ ఇంట్లోకి కోర్టు అమీనా వెంట మళ్లీ వస్తాడు.

“కరెంటు కోయించండి, మోటారు ఆపేయండి, వాళ్లే పోతారు”

ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు. కరెంటు కనీస అవసరమని, ఇంటివాడు ఒప్పుకోలేదన్న సాకుతో అద్దెదారుకు కనెక్షను నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు అంది. ఇంజక్షన్ దావా వేయడానికి ఎదుటివాళ్లకు మీ చేతులతో మీరే కారణం ఇస్తారు. ఇంతకంటే చెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

“ఖాళీగానే ఉందిగా, చేరిపోండి. కాగితం నేను చేయిస్తా”

ఇది ఇంటివాడికిచ్చే సలహా కాదు, గూడు లేనివాడికి బ్రోకరు ఇచ్చే సలహా. ఖాళీ ఇల్లు చూపించి, నోటరీ స్టాంపున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి, లక్షో రెండు లక్షలో తీసుకుంటాడు. తాపీపని చేసుకునే మనిషి ఊళ్లో అరెకరం అమ్మి తెచ్చిన డబ్బు అది. వంద రూపాయలు, ఆపైన విలువుండే ఏ స్థిరాస్తి అమ్మకమైనా రిజిస్టరైన దస్తావేజుతోనే చెల్లుతుంది, జీపీఏ మీద అమ్మకం హక్కు ఇవ్వదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ మాట అతనికి ఎవరు చెప్పారు? పోలీసులొచ్చేసరికి బ్రోకరు ఫోను స్విచాఫ్. ఇంట్లో దొరికేది అతనూ, అతని పిల్లలూ. ఖాళీ ఇంట్లో ఉండటమే నేరమని రాసుకుంటే మొదట జైలుకెళ్లేది ఇతనే. మోసపోయినవాడే ముద్దాయి అవుతాడు. కాగితం చేసినవాడు ఇంకో ఇంటి ఈసీ తీయిస్తుంటాడు.

“కబ్జా అని కంప్లైంటివ్వు చాలు, ఎస్సైగారే ఖాళీ చేయిస్తారు”

మొదట్లో చెప్పిన ప్రమాదం ఇదే. ఇప్పటి చట్టంలో ఇంటి అతిక్రమణ నేరమే. న్యాయ సంహిత 329 కింద ఏడాది దాకా జైలు వేయొచ్చు. అయితే అందులో ఒక షరతుంది. వేరొకరి స్వాధీనంలో ఉన్నచోట నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో వెళ్లి ఉండాలి, లేదా ఆ ఉద్దేశంతోనే అక్కడ ఉండిపోవాలి. 1982 భూకబ్జా చట్టంలో కూడా హక్కు లేకపోవడం ఒక్కటే చాలదు, అక్రమంగా చేజిక్కించుకోవాలన్న ఉద్దేశం కావాలి. ఈ ఉద్దేశమన్న మాటను తీసేయాలని, హక్కు లేకుండా ఉంటే చాలు నేరమేనని అనాలని సలహాదారులు అంటున్నారు.

దాన్ని తీసేస్తే ఏమవుతుందో ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆవిడకు యాభై దాటాయి, భర్త లేడు. కోస్తాలో ఒక పట్నంలో, వెనక వాటాలో చాలా ఏళ్లుగా అద్దెకుంటోంది. ఇంటావిడ బతికున్నన్నాళ్లూ అద్దె చేతికే ఇచ్చేది, రశీదు అడిగే అలవాటు ఇద్దరికీ లేదు. ఇంటావిడ పోయాక కొడుకు వచ్చి ఇల్లు బిల్డరుకు ఇవ్వదలచుకున్నాడు. నోటీసిచ్చి గడువిస్తే ఆవిడ వెళ్లిపోయేదే. కానీ ఎవరో సలహా ఇచ్చారు. అద్దె కాగితం లేదు కాబట్టి అద్దెదారే కాదు, ఖాళీ వాటాలో దూరిందని కంప్లైంటు రాయించాడు. ఆవిడ నా దగ్గరికి తెచ్చిన సాక్ష్యాలు ఇవి: ఆ చిరునామాతో ఉన్న రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, కూతురి పెళ్లి శుభలేఖ. పెళ్లి జరిగే చోటని ఆ శుభలేఖలో అచ్చయింది ఆ ఇంటి డోరు నంబరే. ఒక సివిల్ జడ్జి ఆ శుభలేఖను చేతిలోకి తీసుకుని చూస్తారు, ఇంటివాడి ప్లీడరు ప్రశ్నలడుగుతాడు, పక్కింటివాళ్లు సాక్ష్యం చెబుతారు. స్టేషన్లో రాత్రి పదింటికి ఆ పని ఎవరు చేస్తారు?

మన రాష్ట్రాల్లో అద్దె వ్యవహారం చాలావరకు ఇంకా నోటి మాట మీదే నడుస్తోంది, లేకపోతే పదకొండు నెలల కాగితం రాసుకుని పన్నెండో నెల నుంచి ఏమీ లేకుండా కొనసాగుతోంది. అలాంటి చోట అనుమతి లేకుండా ఉండటాన్నే నేరం చేస్తే ప్రతి అద్దె తగాదా పోలీసు కేసవుతుంది. ఇల్లు ఎవరిదో, ఎవరు ఎందుకు ఉన్నారో తేల్చే పని ఎస్సై మీద పడుతుంది. స్టేషన్లో పరిచయం ఎవరికి ఎక్కువుంటే వాళ్లదే ఇల్లవుతుంది. కబ్జాదారుకే కదా ఆ పరిచయాలు ఎక్కువ? మంచి యజమాని కోసమని తెచ్చిన చట్టం ముందు అతనికే అక్కరకొస్తుంది. దొంగ కాగితానికీ, బెదిరింపుకీ, తాళం పగలగొట్టినందుకూ పోలీసు దగ్గరికి వెళ్లండి, అది వాళ్ల పని. స్వాధీనం మాత్రం కోర్టు చేతిలోనే ఉండాలి. కోర్టు ఆలస్యం చేస్తుందన్నది నిజం, ఆ ఆలస్యంతో నేనూ రోజూ తల పట్టుకుంటాను. దానికి మందు ఖాళీగా ఉన్న జడ్జీల కుర్చీలు నింపడం. ఇద్దరూ కొట్టుకునేదాకా వస్తే అత్యవసరంగా చూడటానికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉన్నారు. నాగరిక్ సురక్షా సంహిత 164 ఆ అధికారమిస్తోంది, రెండు నెలల లోపు గెంటివేతకు గురైనవాళ్లను మళ్లీ లోపల పెట్టమని కూడా ఆయన చెప్పగలరు.

“ఇంగ్లాండులో అయితే నేరుగా జైలే తెలుసా మావయ్యా?”

అక్కడ ఉద్యోగం చేసే అల్లుళ్లు చెప్పే మాట. పూర్తిగా చెబితే సంతోషించేవాణ్ణి. 2012 సెప్టెంబరు 1 నుంచి ఇంగ్లాండు, వేల్స్‌లో నివాస భవనంలో అతిక్రమించి ఉండటం నేరమైంది. ఆర్నెల్ల దాకా జైలు, అప్పట్లో అయిదు వేల పౌండ్ల దాకా జరిమానా. అంతకుముందు ప్రభుత్వం అభిప్రాయాలడిగితే వచ్చినవాటిలో తొంభై శాతం పైగా మార్పు వద్దన్నవే. ఊరెళ్లొచ్చేసరికి ఇంట్లో పరాయివాళ్లున్నారన్న భయానికి 1977 చట్టంలోనే మందుంది: ఆ ఇంట్లో కాపురముండేవాడు వచ్చి పొమ్మంటే పోకపోవడం అప్పటికే నేరం.

అల్లుడు చెప్పని ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. గడువు తీరినా ఖాళీ చేయని అద్దెదారు ఈ నేరం కిందకి రాడని ఆ 2012 చట్టమే రాసిపెట్టింది. దుకాణాలకూ ఆఫీసులకూ అది వర్తించదు. అంటే మనవాళ్లు కోరుతున్న గుండుగుత్త చట్టం అక్కడా లేదు. పైగా టైటిల్ చిక్కు కూడా తీరలేదు. నేరమయ్యాక కూడా దీర్ఘకాలపు స్వాధీనం మీద హక్కు అడగొచ్చని 2015లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

ఆ చట్టం వచ్చిన మొదటి చలికాలం, 2013 ఫిబ్రవరిలో, కెంట్ జిల్లా ఎయిల్స్‌ఫర్డ్‌లో ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు ఖాళీ బంగళా గుమ్మంలో చలికి చనిపోయాడు. ఆ ఇంట్లోకి వెళ్లబోయి అంతకుముందే పోలీసుల చేతికి చిక్కాడని అప్పటి పత్రికలు రాశాయి. కూల్చేయడానికి పెట్టిన ఇల్లది, అందులో ఎవరూ ఉండబోరు. అతన్ని తలుపు బయట ఆపడం వల్ల ఎవరి ఇల్లు దక్కిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

“అద్దెకిస్తే పోగొట్టుకున్నట్టే. ఖాళీగా ఉంచడమే క్షేమం”

మిగతా సలహాలన్నిటికీ వేరు ఇక్కడుంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఖాళీగా కనబడ్డ ఇళ్లు దాదాపు 2.47 కోట్లు, పట్టణాల్లోనే కోటీ పది లక్షలు. మరుసటి ఏడు కేంద్రం వేసిన నిపుణుల సంఘం పట్టణాల్లో 1.878 కోట్ల ఇళ్లు తక్కువున్నాయని లెక్క తేల్చింది. ఈ రెండు అంకెలు ఒకే దేశానివి. ఖాళీగా ఉన్నవన్నీ పేదవాళ్లకు పనికొచ్చే ఇళ్లు కావు, అది ఒప్పుకుంటాను. కానీ అద్దెకిస్తే పోతుందన్న భయంతో మూసిపెట్టిన రెండు గదుల వాటాలు నేను తిరిగే ప్రతి వీధిలో ఉన్నాయి. మనుషులున్న ఇల్లు కబ్జా కావడం అరుదు. కబ్జాదారుకు కావలసింది దీపం వెలగని ఇల్లు.

అద్దెదారు కూడా మీ అనుమతితో ఉన్నవాడే, అద్దె కడుతున్నంతకాలం అతనికి పన్నెండేళ్ల గడియారం మొదలవదు. రాతలో ఒప్పందం చేసుకోండి, రిజిస్టరు చేయించండి, అద్దె బ్యాంకులో వేయమనండి. పదకొండు నెలలకోసారి కాగితం మార్చాలని గుర్తుండదనుకుంటే ఒకేసారి మూడేళ్లకు రిజిస్టరు చేయించండి, ఖర్చు మీరు భయపడేంత కాదు. గడువు తర్వాత ఉండిపోతే అద్దె రెట్టింపు కట్టాలన్న షరతు రాసుకోండి. కేంద్రం 2021లో రాష్ట్రాల ముందు పెట్టిన నమూనా అద్దె చట్టంలో అలాంటిదే ఉంది: మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు. మంచి కుటుంబం దొరికితే అద్దె వెయ్యి తక్కువైనా ఇవ్వండి. ఆ వెయ్యి కాపలా ఖర్చనుకోండి.

ఇవన్నీ వినేలోపే మీ వసారాలో ఎవరో చేరిపోయి ఉంటే, ముందు వెళ్లి మాట్లాడండి. వెంట ఒక పక్కింటి పెద్దమనిషిని తీసుకెళ్లండి, కుర్రాళ్లను కాదు. ఎవరు చేర్చారు, ఎంతిచ్చారు, కాగితం ఏదైనా ఉందా అని అడగండి. కాగితముంటే ఫోనులో ఫొటో తీసుకోండి. దాని మీద బ్రోకరు పేరు, నోటరీ ముద్ర ఉంటాయి, మీ కంప్లైంటు వాళ్ల మీద వెళ్లాలి. ఇంట్లో ఉన్నవాళ్లకు పిల్లల పరీక్షలయ్యేదాకా గడువివ్వండి, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని వాళ్లచేత రాయించుకోండి. ఆ రాతతో వాళ్లు మీ అనుమతితో ఉన్నవాళ్లవుతారు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆర్నెల్ల గడువు దాటకముందే, ఈసీ, పన్ను రశీదులు పట్టుకుని ప్లీడరు దగ్గరికి వెళ్లండి.